తెల్ల కారు మీద పసుపు బొట్టు

2006లో ఎండలు ముదురుతున్న రోజులు. అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే రోడ్డు పక్కన నాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము వేయడం, నంబరు ప్లేట్లకు రేడియం అక్షరాలు కత్తిరించి అంటించడం, సీట్లకు కవర్లు తొడగడం నా వృత్తి. చెరువు దగ్గరలోనే ఉన్నా ఆ ఏడు అందులో నీళ్లు లేవు. పగిలిన మట్టి మీదుగా గాలి లేచిందంటే అందులో సగం నా షెడ్డు వైపే వచ్చేది. ఫిల్ము పని చేసేవాడికి దుమ్మును మించిన శత్రువు లేదు. అందుకని మూడు వైపులా గోడలు కట్టించి, ముందు వైపు ఇనుప షట్టరు పెట్టించాను. ఊళ్లో తక్కిన స్టిక్కరింగ్ షాపుల వాళ్లందరూ చెట్ల కింద, రోడ్డు వారన పని చేసేవాళ్లు.

షట్టరు పైన బోర్డు ఉండేది: ‘వెంకటరామప్ప కార్ డెకార్స్’. వెంకటరామప్ప మా తాత. నల్లమాడ వైపు మా ఊళ్లో పెద్దిల్లు అంటే మాదే. నాయన కాలంలో బావులు ఎండాయి. వేయించిన బోర్లు దుమ్ము చిమ్మాయి. పొలం పోయింది, చివరికి ఇల్లూ పోయింది. ఇందులో దాచవలసింది లేదు, చెప్పుకుని జాలి అడగవలసిందీ లేదు. తాత పేరు రాసి ఉన్న వస్తువు ఇంకెక్కడా మిగల్లేదు కనుక ఆ బోర్డు అక్షరాలు నేనే కొలిచి, నేనే కత్తిరించి, నేనే అంటించాను. వారానికొకసారి స్టూలు వేసుకుని తుడిచేవాణ్ణి.

ఒక ఉదయం ఓబులేసు కొత్త తెల్ల కారు తెచ్చి షట్టరు ముందు ఆపాడు. మా ఊరివాడే. వాళ్ల నాయన మా పొలాల్లో సేద్యం చేసినవాడు. ఓబులేసు చిన్న వయసులోనే బోరు లారీ మీద కూలికి చేరి, రాడ్లు మోసి, మెల్లగా తనే లారీలకు యజమాని అయ్యాడు. మా పొలంలో ఆఖరి బోరు వేసిన లారీ మీద అతనూ ఉన్నాడు. ఆ మాట అతను ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

“బాగుండావా అన్నా?”

“బాగుండాను. అద్దాలకు ఫిల్మా?”

“అద్దాలకు కాదన్నా, బండికి,” అని వెనక సీట్లోంచి పొడవాటి అట్ట గొట్టం ఒకటి బయటికి లాగాడు.

అందులో ఉన్నది పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. కారు రంగు మీద అంటించే మందమైన పారదర్శకమైన పొర. వేశాక కంటికి కనపడకూడదు, రాయి తగిలితే దెబ్బ తాను తినాలి, కింద రంగుకు తగలనివ్వకూడదు. ఎడారుల్లో ఎగిరే హెలికాప్టర్ల రెక్కలు ఇసుకకు అరిగిపోకుండా మొదట ఇలాంటివి వాడారని గొట్టంలోని కాగితంలో రాసి ఉంది. దాని పేరు వినడమే గాని నేను చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

“బెంగళూరులో తెలిసినాయప్ప ఒగడు బయటి దేశం నుంచి తెప్పిచ్చినాడు. ఇదొగటే ఉండాది, ఇంగోటి కావాలంటే దొరకదు. నా పాత బండి మొగం చూసినావు గదా, అమ్మోరు పోసినట్టుండె,” అన్నాడు ఓబులేసు. బోరు లారీల వెంట కంకర రోడ్ల మీద తిరిగే మనిషి. ముందు పోయే టిప్పర్లు విసిరిన రాళ్లకు అతని పాత కారు బానెట్టు నిజంగానే అట్లా ఉండేది.

“బెంగళూరులోనే వేయించుకోకపోయినావా?”

“ఆడ బండి శానా దినాలు పెట్టుకుంటారంట. మాయమ్మ ఈ వారంలోనే కదిరికి పోవాలంటాంది. నరసింహసామికి మొక్కుకుండాది. ఎవురికి వాళ్లే ఏసుకోవచ్చంట అన్నా, కాయితంలో బొమ్మలు గూడా ఉండాయి. నాకు దుమ్ములేని తావు కావాల. నీ షెడ్డు ఇయ్యి, పక్కన కుర్చీ ఏసుకోని కూర్చో. నేనే ఏసుకుంటా.”

అతను చెడ్డగా అనలేదు. అయినా నా షెడ్డులో నేను కుర్చీలో కూర్చుని, ఇంకొకరు పని చేసుకుని పోవడమనే మాట నాకు మింగుడు పడలేదు. పక్కనున్న పంక్చరు షాపు దగ్గర లారీ డ్రైవర్లు ఇద్దరు టీ తాగుతూ మా వైపే చూస్తున్నారు.

“నా షెడ్డులో నా చెయ్యి పడకుండా పని జరగదు,” అన్నాను.

“నీకు గూడా ఇది కొత్తే గదన్నా.”

“కొత్తే. అద్దానికి వేసేది వచ్చు, రంగు మీద ఎప్పుడూ వేయలేదు. ఉన్నమాట ముందే చెప్తాండా. ఇద్దరం కలిసి వేద్దాం. నీ బండి మీద మచ్చ పడిందంటే ఆ బోర్డు దించేస్తా.”

ఓబులేసు తలెత్తి బోర్డు చూశాడు. “ఏమన్నా, బండికీ పెద్దాయన పేరుకూ లంకె పెడతావా?”

“పెట్టినా.”

టీ తాగుతున్న వాళ్లలో ఒకడు, “రాసి పెట్టుకోప్పా, ఓబులేసూ,” అని నవ్వాడు. నేను నవ్వలేదు. మాట బయటపడ్డాక దాన్ని వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. కారు లోపలికి తీసుకుని షట్టరు దించాను.

అద్దానికి వేసే పనిలో ఒక వెసులుబాటు ఉంది. ఫిల్ము చెడితే పీకేసి, జిగురును బ్లేడుతో గీకి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. అద్దానికి ఏమీ కాదు. రంగు మీద అట్లా కుదరదు. బ్లేడు కొన జారితే ఆ గీత కారు ఉన్నంతకాలం ఉంటుంది. పైగా అద్దం చదును. కారు ముఖం అంతా మలుపులే.

షట్టరు పక్క సందుల్లో తడి గోనె పట్టాలు వేలాడదీశాం. నేల తడిపాం. ఫ్యాను ఆపేశాం. బకెట్టులో బోరు నీళ్లు పట్టబోతుంటే ఓబులేసు అడ్డం వచ్చాడు.

“ఆ నీళ్లు వద్దన్నా. ఈ తావులో ఎన్ని బోర్లు ఏసినానో, నాకు తెలీదా? ఆరితే తెల్లగా ఉప్పు తేలతాది.”

అతను చెప్పింది నిజమే. ఫిల్ము కింద ఉప్పు మిగిలితే ఇక తీయలేం. బ్యాటరీలలో పోసే నీళ్ల క్యాన్లు తెప్పించాం. ఆ నీళ్లలో చిన్నపిల్లల షాంపూ కొన్ని చుక్కలు కలిపితే స్లిప్ సొల్యూషన్ అవుతుంది. దాన్ని రంగు మీద, ఫిల్ము జిగురు వైపు ధారాళంగా చల్లాలి. అప్పుడు ఫిల్ము పడ్డచోటనే అంటుకోకుండా జారుతూ ఉంటుంది, సరిగ్గా అమర్చుకునే వ్యవధి దొరుకుతుంది. అమరిన తర్వాత స్క్వీజీ అనే రబ్బరు అంచు పలకతో మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టేయాలి. మొండికేసే అంచులకు స్పిరిట్ కలిపిన నీళ్లు చల్లితే పట్టుకుంటాయి. చెప్పడానికి ఇంతే.

బంపరు ఓబులేసు తీసుకున్నాడు, బానెట్టు నేను తీసుకున్నాను. ఆ ఫిల్ము బానెట్టు అంతటికీ రాదు. ముందు సగానికే వస్తుంది, మధ్యలో ఒక సన్నటి గీతలాగా దాని అంచు ఆగుతుంది. కాగితం ఒలిచి, ఇద్దరం చెరొక కొనా పట్టుకుని, ఊపిరి బిగబట్టి పడుకోబెట్టాం. నీళ్ల మీద అది కదులుతుంటే చేపను పట్టుకున్నట్టు ఉంది. సగం నీళ్లు తోసేశానో లేదో బయట గాలి లేచింది. రేకులు దడదడలాడాయి. షట్టరు కింద సందులోంచి ఎర్రటి దుమ్ము పాములాగా లోపలికి పాకింది.

“అన్నా, పట్టా!” అని ఓబులేసు అరిచాడు. తన బంపరు ముక్కను వదలకుండా కాలితోనే తడి గోనెను షట్టరు కిందికి తోశాడు. నేను బానెట్టు మీద బోర్లా వంగి, తెరిచి ఉన్న సగానికి నా వీపును అడ్డం పెట్టాను. ఎవరి ముందూ వంగిన వీపు కాదు. గాలి ఆగేదాకా అట్లాగే ఉన్నాను. లేచి చూస్తే ఫిల్ము కింద ఆవగింజంత మట్టి రేణువు ఒకటి కనిపించింది. మూల ఎత్తి, నీళ్లు పోసి దాన్ని కడిగేశాను. మళ్లీ పడుకోబెట్టేటప్పుడు మోచేతులు బానెట్టు అంచుకు ఆనించుకున్నాను.

చివరిది అంచుల కోత. కొత్త బ్లేడు, కొన మాత్రమే ఆనాలి, ఫిల్ము తెగాలి, రంగుకు తగలకూడదు. ఓబులేసు చూడలేక గోడ వైపు తిరిగాడు.

“అయిందా అన్నా?”

“మాట్లాడొద్దు.”

“అయిందా?”

“ఓబులేసూ, నోరు మూసుకో.”

అయింది. పొద్దువాలే వేళకు కారు మళ్లీ మామూలు తెల్ల కారులాగా నిలబడింది. పక్కకు వంగి వెలుతురులో చూస్తే తప్ప ఫిల్ము ఉన్నట్టే తెలియదు. కాగితంలో రెండు హెచ్చరికలు రాసి ఉన్నాయి: రెండు రోజులు నీడలో ఉంచాలి, అంతవరకు పైన ఏదీ తగలకూడదు. జిగురు పట్టుకోవడానికీ, లోపలి తడి ఆరడానికీ ఆ వ్యవధి కావాలి. ఓబులేసుకు రెండూ చదివి వినిపించాను. సరేనన్నాడు. నా గుండె అప్పుడే కుదుటపడుతోంది.

అంతలో ఆటో దిగి ఓబులేసు తల్లి లక్ష్మమ్మ వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. తడిపిన పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, టెంకాయ. కారును చూసిన చూపులోనే ఆమె సంతోషం తెలిసింది. తెలుపు రంగు ఏరుకున్నది ఆమేనట.

“నాయనా, నీ సేత్తో బొట్టు పెట్టు,” అంది నాతో.

మా ఊరి పద్ధతి అది. ఎవరి ఇంటికి కొత్త బండి వచ్చినా, కాడెద్దులు వచ్చినా, చివరికి ట్రాక్టరు వచ్చినా ముందు పెద్దింటి వాకిట్లో నిలిపేవాళ్లు. తాత బయటికి వచ్చి, అరచేతి వెడల్పున పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టేవాడు. ఆ తర్వాతే బండి కదిలేది. నేను పిల్లవాడిగా ఆ పళ్లెం పక్కన నిలబడేవాణ్ణి.

ఓబులేసు, “అమ్మా, రెండు దినాలు పైన ఏమీ తగలగూడదంట,” అన్నాడు.

“బొట్టుకు యాడన్నా దినాలు చూస్తారా? పెద్దింటి చెయ్యి పడకుండా నేను బండెక్కను,” అని ఆమె పళ్లెం నా ముందుకు చాచింది.

ఓబులేసు నా వైపు చూశాడు. నేను వద్దంటే ఆగిపోయేది. కాని ఇల్లు పోయాక ఆ పళ్లెం నా ముందుకు రావడం అదే మొదటిసారి. ఒక్క బొట్టు, అదీ ఫిల్ము అంచు దగ్గర, పొద్దున్నే తుడిచేయవచ్చు అనుకున్నాను. బానెట్టు నడుమ, ఫిల్ము ఆగిన గీతకు అటూ ఇటూ పడేటట్టు, తాత పెట్టినట్టే వెడల్పుగా మెత్తాను. లక్ష్మమ్మ కళ్లకద్దుకుంది. తల్లీకొడుకులు ఊళ్లో బంధువుల ఇంటికి పోయారు. కారు షెడ్డులోనే ఉంది.

మరునాడు పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని తుడిచాను. ఎండిన పసుపు పెళ్లలుగా ఊడింది. కుంకుమ పోయింది. గీతకు అవతల రంగు మీద పడిన సగం ఆనవాలు లేకుండా పోయింది. గీతకు ఇవతల, ఫిల్ము మీద పడిన సగం పోలేదు. తెల్లటి బానెట్టు మీద అర్ధచంద్రంలాగా, కొలిచి కత్తిరించినట్టుగా పసుపు మచ్చ. గట్టిగా రుద్దాను. కదల్లేదు. ఫిల్ము ఆ పసుపును తాగేసింది.

బట్టల సబ్బు తెచ్చి నురగ చేసి రాశాను. కళ్ల ముందే మచ్చ ఎర్రబడింది. ముందు ఇటుక రంగు, తర్వాత నెత్తురు రంగు. నురగ కూడా ఎర్రగా బంపరు మీదుగా కారి నేల మీద మడుగు కట్టింది. కారుకు గాయమైనట్టే ఉంది. తర్వాత బుద్ధి పనిచేసింది. పసుపుకు సున్నం తగిలినా, సబ్బు క్షారం తగిలినా ఎర్రబడుతుందని మన ఇళ్లలో తెలియనిదెవరికి? బ్యాటరీ నీళ్లతో ఎన్నోసార్లు కడిగితే ఎరుపు తగ్గి మళ్లీ పసుపుకే వచ్చింది. అంతకు మించి పోలేదు. స్పిరిట్ సీసా తీశాను. ఫిల్ము పైపొర కరుగుతుందేమోనని భయం వేసి మూత పెట్టేశాను. గోటితో ఫిల్ము అంచు కాస్త ఎత్తి చూశాను. కింద రంగు పాలలాగా ఉంది.

బండి రంగు చెడలేదు, కాబట్టి మాట తప్పలేదు అని వాదించవచ్చు. నేను అన్నది ‘నీ బండి మీద మచ్చ’ అని. మచ్చ బండి మీద ఉంది. చూసేవాడికి అక్కడ ఫిల్ము ఉందని కూడా తెలియదు. అటువంటి వాదన తాత పేరు కింద నిలబడి చేయడం నాకు చేతకాదు. స్టూలు వేసుకుని బోర్డు స్క్రూలు విప్పాను. బోర్డు దిగినచోట గోడ కొత్తగా సున్నం వేసిన నాటి నీలం రంగులో మెరుస్తోంది. చుట్టూ గోడ ఎప్పుడు అంత వెలిసిపోయిందో నాకు తెలియనే తెలియదు. బోర్డును లోపల గోడకు ఆనించి, అక్షరాలు అటువైపు తిప్పి పెట్టాను.

కాసేపటికి ఓబులేసు, లక్ష్మమ్మ వచ్చారు.

“ఏమన్నా, బోర్డు యాడ?” అంటూనే ఓబులేసు లోపలికి వచ్చి బానెట్టు చూశాడు. అతని గొంతు లేచింది. “ఏందన్నా ఇది? నేను చెప్తానే ఉంటి, తగలగూడదని నువ్వే చదివి చెప్పి, నువ్వే పెడితివి! రాళ్లు తగలకుండా ఏసుకుంటే ఇంటి పసుపే తగిలిందే! ఇది ఏసుకోకుంటేనే బాగుండు గదా. రంగు మీద పడింది పొయ్యింది, దుడ్లు పెట్టి తెచ్చిన దాని మీద పడింది పోలేదు!”

“అవును. నేను వద్దనాల్సింది, అనలేదు. బోర్డు దించేసినా. ఫిల్ము పీకేయమంటే ఇప్పుడే పీకేస్తా. కానీ ఇంకొకటి దొరకదు.”

లక్ష్మమ్మ మా ఇద్దరి మాటలు పట్టించుకోకుండా నేల మీది ఎర్ర మడుగును చూస్తోంది. “దిష్టి నీళ్లు ఎవురు తీసినారు?” అంది.

“దిష్టి కాదమ్మా, మచ్చ పోతుందని సబ్బు పెట్టినాడంట,” అన్నాడు ఓబులేసు విసుగ్గా.

“ఏదో ఒగటి, దిష్టి పొయ్యింది లే.” ఆమె బానెట్టు మీది అర్ధచంద్రాన్ని వేలితో తడిమింది. తర్వాత గోడకు తిప్పి పెట్టిన బోర్డు కనపడింది. “అదేంది నాయనా, పెద్దాయన పేరు ఆడ పెట్టినావు?”

“మాట అన్నాను లక్ష్మమ్మా. మచ్చ పడితే దించుతానని. ఆయన చెయ్యి పడిన ఏ బండికీ కీడు జరగలేదు. నా చెయ్యి పడితే ఇట్లా అయింది.”

లక్ష్మమ్మ నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగలేదు. “ఎవురు చెప్పినారు నీకు? మా మామ కొత్త బండి తోలుకొస్తే మీ తాతే గదా బొట్టు పెట్టింది! నెల తిరక్కముందే ఇరుసు ఇరిగి, సెనిక్కాయ మూటలతో గూడా వంకలో పడింది. మా మామ కాలు గూడా ఇరిగె. ఆయప్ప చేత బొట్టు పెట్టిచ్చుకునేది మర్యాదకు నాయనా, ఇరుసుకు కాదు. మేమేమన్నా పోయి ఆయప్ప పేరు మార్చుకోమంటిమా?”

ఓబులేసు కోపంలో ఉండి కూడా నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ నేను ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టుకున్నది తాత చేతి మీది ఆ నమ్మకాన్నే.

అట్లా నిలబడి ఉండగానే మా పాత ఇంటి గడపలు గుర్తొచ్చాయి. వాకిటి గడపకు రాసిన పసుపు పొద్దెక్కేసరికి వెలిసిపోయేది, లోపలి గది గడప పసుపు మాత్రం వారమైనా అట్లాగే ఉండేది. ఎండ తినేస్తాండాదని మా అమ్మ రోజూ గొణుక్కుంటూ వాకిటి గడపకు మళ్లీ రాసేది. ఎండ గడప మీది పసుపును తింటే ఫిల్ములోని పసుపును తినదా? తింటుందో లేదో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే, రెండు రోజులు నీడలో ఉంచమని కాగితం చెప్తోంది. ఎండలో పెడితే లోపలి తడి ఆవిరై బుడగలు లేవవచ్చు, అంచులు ఊడవచ్చు, మొత్తం ఫిల్మే పోవచ్చు.

అదంతా ఓబులేసుకు చెప్పాను. “బండి నీది. నువ్వు చెప్పాల.”

అతను బానెట్టు వైపు, బయట తెల్లగా కాలుతున్న ఎండ వైపు చూశాడు. “నీళ్లు పడతాయో లేదో తెలీకనే గదన్నా అందరూ బోర్లు ఏపిచ్చేది,” అన్నాడు. ఎన్నడూ ఎత్తని మాట ఎత్తాడు. “మీ నాయన ఆఖరు బోరు ఏపిచ్చినపుడు నేను ఆడనే ఉంటి. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాయన ఒక్క మాట అనలేదు. మాకందరికీ ఇంట్లో అన్నం పెట్టిచ్చి పంపినాడు. ఎండలో పెట్టు. పోతే పోతాది.”

కారును వాకిట్లోకి తెచ్చి, ముక్కు సూర్యుడికి ఎదురుగా నిలిపాం. ఓబులేసు తల్లిని ఇంటి దగ్గర దింపడానికి బస్సులో పోయాడు. కదిరి ప్రయాణం ఆగింది. “సామి యాడికీ పోడులే,” అంది లక్ష్మమ్మ.

తర్వాతి రోజులు నా జీవితంలో పొడవైనవి. నెత్తికి తువ్వాలు చుట్టుకుని కారు పక్కనే నిలబడేవాణ్ణి. మొదటి మధ్యాహ్నమే అంచు ఒకటి లేచింది. స్పిరిట్ నీళ్లు చల్లి, స్క్వీజీతో నొక్కి, బొటనవేలు కాలుతున్నా తీయకుండా పట్టుకున్నాను. బానెట్టు పెనంలాగా ఉంది. మూల దగ్గర బఠాణీ గింజలంత నీటి బుడగలు పైకి తేలాయి. వాటిని పొడవాలా వదలాలా తెలియలేదు. వదిలేశాను. సాయంత్రం చూస్తే మచ్చ తగ్గినట్టే అనిపించింది. లోపలికి తెచ్చి ట్యూబులైటు కింద చూస్తే తగ్గలేదనిపించింది. పంక్చరు షాపతన్ని పిలిచి, “ఎట్లుంది?” అని అడిగాను. నా నోటి నుంచి ఇంకొకరి అభిప్రాయం అడగడం అతనికి కొత్త. “నిన్న ఎట్లుండెనో చూసింటే గదా సార్ చెప్పేది,” అన్నాడు. బోర్డు లేని షట్టరు చూసి, షాపు ఎత్తేశానేమో అనుకుని ఒకరిద్దరు ఆగకుండానే పోయారు.

ఆ మరుసటి రోజు నిమ్మపండు పసుపు గంధం రంగుకు దిగింది. ఇంకా ఎండలో ఉంచితే కళ్లు చికిలించి వెతుక్కోవాల్సినంత పల్చనైంది. బుడగలు వాటంతట అవే ఆరిపోయాయి. వారం దాటకముందే ఆ అర్ధచంద్రం ఎక్కడ ఉండేదో నాకు తప్ప ఇంకొకరికి కనిపించేది కాదు. ఓబులేసు వచ్చి, బానెట్టు మీద మొహం పెట్టి అటూ ఇటూ చూసి, “పడినాయన్నా నీళ్లు,” అన్నాడు.

కారు తాళం ఇస్తే తీసుకోలేదు. ముందు స్టూలు లాగి షట్టరు కింద వేశాడు. బోర్డు తెచ్చి ఒక వైపు తనే పట్టుకున్నాడు. నేను స్క్రూలు బిగించాను. బోర్డు నీలం గోడ మీద, తన చోటే, సరిగ్గా కూర్చుంది.

ఆ తర్వాత ఆ పని చాలా కార్లకు చేశాను. నేర్చుకున్నది ప్రతి కస్టమరుకూ ముందే చెప్తాను. పూజ ముందు చేయించుకోండి, తర్వాత శుభ్రంగా కడిగి ఫిల్ము వేద్దాం. వేశాక పసుపు అద్దానికి పెట్టండి, అద్దం దేన్నీ తాగదు. పొరపాటున ఫిల్ముకు అంటితే సబ్బు జోలికి పోకండి, జిగురు పట్టుకున్నాక ఎండకు వదలండి. ఫిల్ము ఉన్నది మరకను తాను భరించడానికే. కింద రంగు బాగుంటే మరకను చూసి గుండె పగలగొట్టుకోకూడదు.

ఇవి చెప్పడం తేలిక. మర్యాదగా పళ్లెం చాచిన మనిషికి వద్దని చెప్పడం నాకు నేర్చుకోవలసి వచ్చింది. 2009లో రాళ్లకు దెబ్బలు తిని తిని ఆ పాత ఫిల్ము గరుకెక్కితే ఓబులేసు కొత్తది వేయించడానికి తెచ్చాడు. హీట్ గన్ గాలికి వేడి చేసి పాతది ఒలిచాం. కింద రంగు షోరూములోంచి వచ్చిన రోజు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. కొత్తది వేయడం ముగిసేసరికి వాకిట్లో ఆటో ఆగింది. లక్ష్మమ్మ, గుడ్డ కప్పిన అదే పళ్లెం.

“నాయనా, బొట్టు,” అంది.

“రెండు రోజులాగి పెడతా లక్ష్మమ్మా. ఇప్పుడు వద్దు.”

“మీ తాతయితే వద్దనేవాడు కాదు.”

“అవును,” అన్నాను. “ఆయన ఇరుసు చూసి ఉంటే మీ మామ కాలు మిగిలేది.”

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఆటోవాడు కూడా తిరిగి చూసేటంత గట్టిగా నవ్వింది. పళ్లెం నా టేబులు మీదే పెట్టి, రెండు రోజుల తర్వాత వస్తానని చెప్పి పోయింది. వచ్చింది. అద్దానికి పెట్టాను, అరచేతి వెడల్పున.